కాన్పు గదిలో పక్కనుండే కొలువు

పదిహేను వేల రూపాయల ఫోన్ కొనాలంటే మనం ఎంత హడావుడి చేస్తాం! పది వీడియోలు చూస్తాం. రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాం. కొన్నవాళ్లని వెతికి పట్టుకుని మరీ అడుగుతాం. ‘బ్రో, ఏది తీసుకోమంటారు?’ అంటూ నాకు రోజూ మెసేజ్‌లు వస్తుంటాయి. నా టెక్ బ్లాగ్ నడిచేదే ఆ ప్రశ్నల మీద. అలాంటి నేను, మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఒక్కటంటే ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మాది ధర్మవరం. ఒకరోజు రాత్రి అక్కకు నొప్పులు మొదలైతే ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. తెల్లవారుజామున ఎవరో బయటికొచ్చి ‘బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతోంది, పెద్దాపరేషన్ చేయాలి’ అన్నారు. బావ సంతకం పెట్టాడు. కాసేపటికి పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. వీధంతా మిఠాయిలు పంచాం. కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం.

మూడేళ్లకు అక్క మళ్లీ గర్భవతి అయింది. ఈసారి వేరే ఆసుపత్రి. అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: ‘మొదటి కాన్పుకు ఆపరేషన్ ఎందుకు చేశారమ్మా?’ అక్కకు తెలీదు. బావకు తెలీదు. నాకసలే తెలీదు. డిశ్చార్జి కాగితంలో ఒకే ఒక్క లైను ఉంది, అది కూడా సరిగ్గా చదవడానికి రావట్లేదు. మొదటిసారి ఎందుకు కోశారు, గర్భసంచి మీద కోత ఎటువైపు పెట్టారు అన్న వివరాలను బట్టే రెండోసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చో లేదో తేలుతుంది. అంటే మాకు తెలియని ఆ ఒక్క జవాబు మీద అక్క తర్వాతి కాన్పు ఆధారపడి ఉంది.

మొదటి ఆపరేషన్ తప్పని నేననడం లేదు. అది అవసరమే అయి ఉండొచ్చు. నా బాధ వేరు. వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. అప్పటి నుంచి ఫోన్ స్పెసిఫికేషన్లు చదివినట్టే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది: ఆ రాత్రి అక్క పక్కన కూర్చుని, ఏం జరుగుతోందో చెప్పి, ఆమెకేం కావాలో అడగడమే పనిగా ఉన్న ఉద్యోగం ఒకటి ప్రపంచంలో ఉంది. దాని పేరు మిడ్‌వైఫరీ. కెరీర్ పేజీలో కాన్పుల గోల ఏంటని అనుకోకండి. బైపీసీ చదివినవాళ్లకు ఇది కొలువు. మిగతావాళ్లకు రేపో ఎల్లుండో ఇంట్లో ఎదురయ్యే పరీక్ష.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 26.6 శాతం ఉంటే, ప్రైవేటులో 63 శాతం. జనాభా మొత్తం మీద చూసినప్పుడు సిజేరియన్లు 10 శాతం దాటాక, వాటివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఆ లెక్కన మన దగ్గర అవసరానికి మించి కోతలు పడుతున్నాయన్నది స్పష్టం.

కానీ ఇంకో అంకె కూడా చూడాలి. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి మన రాష్ట్రంలో అది 45కు దిగింది. 2019–21 సర్వే నాటికి నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మా అవ్వ కాన్పులన్నీ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగానే జరిగాయి. ఒక బిడ్డ దక్కలేదు. ‘ఆ కాలంలో అన్నీ సహజంగా జరిగేవి’ అని ఎవరైనా అంటే అవ్వ ఒప్పుకోదు. ‘సహజంగానే సచ్చేటోళ్లు కూడా నాయనా’ అంటుంది. కాబట్టి ఆసుపత్రి శత్రువు, ఆపరేషన్ పాపం అనే వాట్సాప్ జ్ఞానాన్ని కాస్త పక్కన పెడదాం.

మంత్రసాని, నర్సు, మిడ్‌వైఫ్ ఒకటేనా?

కాదు. ‘మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి’ అనే సామెత వినే ఉంటారు. మంత్రసానిది అనుభవంతో వచ్చిన విద్య. రక్తస్రావం ఆగకపోతే, బిడ్డ అడ్డం తిరిగితే ఆమె చేతిలో మందూ లేదు, వెనకాల ఆపరేషన్ థియేటరూ లేదు. మిడ్‌వైఫ్ అలా కాదు. ఆమె చదువుకుని, రిజిస్టరైన నిపుణురాలు. ఏ చిక్కూ లేని గర్భిణికి మొదటి నెలల నుంచి పురుడయ్యాక బాలింతగా ఉన్నంతవరకు సొంతంగా సేవలు అందిస్తుంది. ఎక్కడైనా తేడా కనిపిస్తే వెంటనే డాక్టరును పిలుస్తుంది. ఇంగ్లిషులో ఆ మాటకు పాత అర్థమే ‘స్త్రీతో ఉండేది’ అని.

మన దగ్గర నర్సింగ్ కోర్సులోనే మిడ్‌వైఫరీ కూడా కలిసి ఉంటుంది. జీఎన్ఎం అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. కానీ డ్యూటీలో ఇవాళ ప్రసవాల వార్డు, వచ్చే నెల సర్జికల్ వార్డు. అలా తిరుగుతూ ఉంటే కాన్పు విద్య చేతికి అబ్బదు. ఈ రెండు వృత్తులనూ విడదీసి చూడాలన్నది మిడ్‌వైఫ్‌ల ప్రధానమైన డిమాండ్.

వాళ్లు నమ్మేదేంటి?

మొదటి మాట: కాన్పు జబ్బు కాదు. చాలామందికి అది దానంతటదే జరుగుతుంది. దాన్ని జరగనివ్వడం, అదే సమయంలో కన్నేసి ఉంచడం రెండూ పనే. ఓపిగ్గా చూస్తూ ఉండడాన్ని వాళ్లు ఖాళీగా కూర్చోవడం అనుకోరు.

ఒక ఉదాహరణ. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలి, లేదంటే ‘కాన్పు ముందుకు సాగడం లేదు’ అన్న లెక్క దశాబ్దాల పాటు చెలామణి అయింది. 1950లలో అమెరికాలో ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అనే డాక్టరు గీసిన గ్రాఫు నుంచి పుట్టిన నియమం అది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు సమయంలో సంరక్షణపై 56 సిఫార్సులు ఇస్తూ, ఈ గంటకో సెంటీమీటరు లెక్క అందరికీ సరిపోదని తేల్చింది. కాన్పు వేగం పుంజుకునే దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని చెప్పింది. తల్లీబిడ్డా బాగుంటే కేవలం ఆలస్యమవుతోందన్న కారణంతో తొందరపడొద్దని సూచించింది. మన భాషలో చెప్పాలంటే, డీఫాల్ట్ సెట్టింగ్ తప్పుగా పెట్టి అందరి ఫోన్లలోనూ అదే నడిపించారన్నమాట.

అదే పత్రంలో ఇంకొన్ని ఉన్నాయి. నొప్పుల సమయంలో నడవనివ్వాలి. తాగనివ్వాలి, కొద్దిగా తిననివ్వాలి. వెల్లకిలా పడుకోబెట్టడమే పద్ధతి కాదు, ఆమెకు ఏ భంగిమ వీలైతే అది. ప్రతి ఒక్కరికీ అలవాటుగా కింద కోత పెట్టడం వద్దు. తను కోరుకున్న మనిషి పక్కన ఉండాలి. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసవ గదుల్లోకి తోడుగా ఒక మహిళను అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. మా అక్క మాత్రం ఆ రాత్రంతా లోపల ఒంటరిగానే ఉంది. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది.

రెండో మాట: యంత్రం చెప్పేది వినండి, కానీ యంత్రం ఒక్కటే చెబితే చాలదు. ఇది టెక్ వాళ్లు ప్రత్యేకంగా అర్థం చేసుకోవాల్సిన సంగతి. బిడ్డ గుండె చప్పుడును నొప్పులంతసేపూ కాగితం మీద గీసే యంత్రాన్ని సీటీజీ అంటారు. దానికి బదులుగా మధ్యమధ్యలో చేతి పరికరంతో వినడం ఇంకో పద్ధతి. ఈ రెంటినీ పోల్చిన 13 అధ్యయనాలను, 37 వేల మందికి పైగా మహిళల వివరాలను కలిపి 2017లో కొక్రేన్ సంస్థ సమీక్షించింది. నిరంతరం యంత్రం పెడితే పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి. ఇది లాభం. సెరిబ్రల్ పాల్సీలో, శిశు మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. యంత్రం మోగించే అలారాల్లో ఉత్తుత్తివి చాలా ఉంటాయని అర్థం. ‘గుండె తగ్గుతోంది’ అన్న మాట నిజమూ కావచ్చు, తప్పుడు అలారమూ కావచ్చు. దాన్ని విడమరచి చూడడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

మూడో మాట: ఒకే మనిషి మొదటి నుంచి చివరిదాకా ఉంటే ఫలితం మారుతుంది. 15 అధ్యయనాలు, 17,674 మంది మహిళల వివరాలతో 2016లో మరో కొక్రేన్ సమీక్ష వచ్చింది. మిడ్‌వైఫ్ ఆధ్వర్యంలో నిరంతర సంరక్షణ పొందినవాళ్లలో కింద కోతలు, పరికరాలతో బిడ్డను లాగడాలు, నెలలు నిండని కాన్పులు తగ్గాయి. సిజేరియన్లలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. కాబట్టి ‘మిడ్‌వైఫ్ వస్తే సిజేరియన్లు మాయమవుతాయి’ అని ఎవరైనా ప్రచారం చేస్తే నమ్మకండి. ఆమె చేసే మేలు అంతకంటే విశాలమైనది.

‘సహజం’ మొండితనమైతే?

ఇక్కడే మిడ్‌వైఫ్‌లు తమను తాము ప్రశ్నించుకోవాల్సి వచ్చింది. బ్రిటన్‌లో వాళ్ల వృత్తి చాలా బలంగా ఉంటుంది. అక్కడి మోర్కాంబ్ బే పరిధిలోని ఒక ఆసుపత్రిపై బిల్ కర్కప్ నేతృత్వంలో విచారణ జరిగింది. సరైన వైద్యం అంది ఉంటే 11 మంది శిశువులు, ఒక తల్లి బతికే అవకాశం ఉండేదని 2015లో తేల్చారు. అక్కడ కొందరు మిడ్‌వైఫ్‌లు ‘ఎట్టి పరిస్థితుల్లోనూ మామూలు కాన్పే’ అని పట్టుబట్టడం కారణాల్లో ఒకటని నివేదిక చెప్పింది. 2022లో డోనా ఓకెండెన్ ఇచ్చిన నివేదిక ఇంకా పెద్దది. ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల్లో 1,486 కుటుంబాల అనుభవాలను అందులో పరిశీలించారు. సిజేరియన్లు తక్కువని పేరు తెచ్చుకున్న ఆ చోట, అవసరమైన వేళ కూడా ఆపరేషన్‌కు వెనకాడిన సందర్భాలు బయటపడ్డాయి.

ఆ ఏడాదే ఇంగ్లండ్ ఆరోగ్య వ్యవస్థ, సిజేరియన్ శాతాన్ని ఆసుపత్రి పనితీరుకు కొలమానంగా వాడొద్దని చెప్పింది. అక్కడి మిడ్‌వైఫ్‌ల సంఘం తన ‘నార్మల్ బర్త్’ ప్రచారాన్ని అంతకు ముందే ఆపేసింది.

ఇది మనకు చాలా ముఖ్యమైన పాఠం. మన దగ్గర సిజేరియన్లు ఎక్కువ, తగ్గాల్సిందే. కానీ ‘ఈ నెల ఇంత శాతం దాటకూడదు’ అని టార్గెట్ పెడితే, నిజంగా కోత అవసరమైన తల్లి ఆ టార్గెట్ కింద నలిగిపోతుంది. అమ్మకాల టార్గెట్ ఉద్యోగం చేసిన మీ సీనియర్‌ను అడగండి, అంకె కోసం మనిషి ఏమైపోతాడో చెబుతాడు. మంచి మిడ్‌వైఫ్‌కు ఎంతసేపు ఆగాలో ఎంత బాగా తెలుసో, ఎప్పుడు ఆగకూడదో కూడా అంతే బాగా తెలియాలి.

నిర్ణయం ఎవరిది?

మామూలు కాన్పు కావాలనేది ఎంపిక. భయమేస్తోంది, ఆపరేషనే చేయండి అనడమూ ఎంపికే. భయపడే మహిళను వెక్కిరించకుండా, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవడం, రెండు దారుల్లోని మంచిచెడ్డలూ చెప్పడం మిడ్‌వైఫ్ పని. మన ఊళ్లలో ముహూర్తం చూసి కోయించుకునే అలవాటూ ఉంది. ఆ ముహూర్తం నిజంగా ఆమె కోరిందా, అత్తమామల క్యాలెండరా అన్నది కూడా అడగాల్సిందే.

చికిత్సకు ముందు దాని అవసరం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మేజర్ అయిన, స్పృహలో ఉన్న మహిళ సమ్మతి ఆమెదే, ఆమె బదులు ఇంకొకరు ఇచ్చేది కాదు. మా బావ సంతకం పెట్టినప్పుడు అక్క స్పృహలోనే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. మేమూ అది మామూలే అనుకున్నాం.

మన దగ్గర ఎంతవరకు వచ్చింది?

హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ చొరవతో 2011 నుంచే మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇస్తోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్‌లతో కలిసి ప్రభుత్వ నర్సులకు కరీంనగర్‌లో 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే కొత్త క్యాడర్, రద్దీ ఎక్కువగా ఉండే ప్రభుత్వ ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లే నడిపే ప్రత్యేక విభాగాలు వాటిలో ముఖ్యమైనవి. 2023లో వచ్చిన కొత్త చట్టం పేరులోనే ‘నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్’ అని ఉంది. పాత 1947 చట్టం పేరులో ‘నర్సింగ్’ ఒక్కటే ఉండేది.

చేరాలంటే...

• ఇంటర్ తర్వాత మూడేళ్ల జీఎన్ఎం లేదా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. బీఎస్సీకి బైపీసీ ఉండాలి. ప్రవేశాల కోసం డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

• కోర్సు అయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి, కట్టాక కాదు.

• ప్రసవాల వార్డులో అనుభవం సంపాదించాక 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణకు ప్రయత్నించవచ్చు. కాలేజీ ఎంచుకునేటప్పుడే ‘మీ అనుబంధ ఆసుపత్రిలో నెలకు ఎన్ని కాన్పులు అవుతాయి?’ అని అడగండి. కాన్పులు చూడకుండా మిడ్‌వైఫ్ కాలేరు. మన ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. ఇలాంటి పెద్ద ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులతో ఒక్కసారి మాట్లాడండి, ఏ బ్రోచర్ చెప్పని సంగతులు తెలుస్తాయి.

• విదేశాల మీద ఆశ ఉంటే ఒక జాగ్రత్త. బ్రిటన్ వంటి చోట్ల నర్సు, మిడ్‌వైఫ్ రిజిస్ట్రేషన్లు వేర్వేరు. మన జీఎన్ఎంలో మిడ్‌వైఫరీ ఉంది కదా అని అక్కడ మిడ్‌వైఫ్ అయిపోరు. ఏజెంటు ఏం చెప్పినా, ఆ దేశపు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

కష్టాలూ చెప్పాలి కదా. రాత్రి డ్యూటీలు తప్పవు. క్యాడర్ కొత్తది, పోస్టులు ఇంకా తక్కువ. శిక్షణ పొందాక కూడా వేరే వార్డుకు తిప్పే ప్రమాదం ఉంది. ‘నర్సువి, నీకేం తెలుసు’ అనే మాట డాక్టర్ల నుంచీ, పేషెంట్ బంధువుల నుంచీ వినాల్సి రావచ్చు. ఒక్కోసారి అంతా సరిగ్గానే చేసినా బిడ్డ దక్కదు. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినడం కష్టం. ఇవన్నీ తెలిసే రండి.

ఇంజినీరింగ్ వాళ్లకో మాట

కాన్పులను పది గుంపులుగా విడదీసి, ఏ గుంపులో సిజేరియన్లు ఎందుకు పెరుగుతున్నాయో చూసే రాబ్సన్ వర్గీకరణ ఒకటుంది. దాన్ని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. తొలి కాన్పా, పాత సిజేరియన్ ఉందా, నెలలు నిండాయా వంటి కొద్దిపాటి వివరాలు చాలు. ఒక మామూలు స్ప్రెడ్‌షీట్‌తో అయ్యే పని. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంకో అటెండెన్స్ యాప్ చేసే బదులు, మీ ఊరి ఆసుపత్రిని అడిగి, పేర్లు లేకుండా ఈ లెక్క తీసే టూల్ చేసి చూడండి. డిశ్చార్జి కాగితంలో ‘ఆపరేషన్ ఎందుకు చేశారు’ అన్న గడిని ఖాళీగా వదిలేస్తే ప్రింటే రాకుండా చేసినా చాలు, మా అక్కలాంటి ఎందరికో మేలు.

ఇంట్లో కాన్పు ఉంటే ఈ నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి: ఇప్పుడు ఏం జరుగుతోంది? ఇది ఇప్పుడే చేయాలా, కాసేపు ఆగొచ్చా? వేరే దారేమైనా ఉందా? కారణం కాగితం మీద రాసిస్తారా? నిజంగా ఎమర్జెన్సీ అయితే ఈ ప్రశ్నలతో ఆలస్యం చేయకండి, తర్వాతైనా అడగండి. అన్నిటికంటే ముందు, ఆమెకేం కావాలో ఆమెనే అడగండి.

మా అక్క రెండో కాన్పు ఏమైందో చెప్పలేదు కదూ. ఆ ఆసుపత్రి ప్రసవాల వార్డులో ఒక సీనియర్ నర్సమ్మ ఉండేది. మిడ్‌వైఫ్ అనే బోర్డేమీ లేదు. కానీ చేసిన పని అదే. అక్కను కూర్చోబెట్టి రెండు దారులూ వివరంగా చెప్పింది. బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ 2015 మార్గదర్శకాల ప్రకారం, ఒక సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించేవాళ్లలో నూటికి 72 నుంచి 75 మందికి అది సాధ్యమవుతుంది. సుమారు 200 మందిలో ఒకరికి పాత కుట్టు దగ్గర గర్భసంచి చీలే ప్రమాదం ఉంటుంది. ఈ అంకెలు నేను తెచ్చి చూపించాను. ‘ఇవి సరే, మీ పాత కోత ఎట్లుందో మనకు తెలీదు కదా’ అంది నర్సమ్మ. అది నిజమే. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది.

అక్క రెండు రోజులు ఆలోచించుకుని ఆపరేషన్‌కే ఒప్పుకుంది. అంటే అంకెల్లో ఇంకో సిజేరియన్ పెరిగింది. కానీ ఈసారి ఎందుకో ఆమెకు తెలుసు. కాగితం మీద కారణం రాసి ఉంది. సంతకం కూడా అక్కే పెట్టింది.